సామాన్ల చీటీ, పెరిగే ధరలు

సూపర్ మార్కెట్లో ధరలు పెరిగాయంటే అన్నీ కలిసి ఒక్కసారే పెరిగాయని కాదు. ఒక్కో సరుకుకు ఒక్కో కారణం ఉంటుంది. టమాటా ధర వానకో ఎండకో పెరుగుతుంది. కందిపప్పు ధర పోయిన ఏడాది పంట దెబ్బతింటే పెరుగుతుంది. మంచినూనె ధర ఇండోనేషియాలోనో ఉక్రెయిన్‌లోనో జరిగిన సంగతికి పెరుగుతుంది. సబ్బు, టీపొడి, బిస్కెట్ల ధర కంపెనీ నిర్ణయంతో పెరుగుతుంది.

కారణం వేరైతే ఆ ధర నిలిచే కాలం కూడా వేరు. కొన్ని ధరలు రెండు మూడు నెలల్లో దిగివస్తాయి. కొన్నింటికి ఏడాది పడుతుంది. కొన్ని మాత్రం ఎక్కడమే కానీ దిగడం ఎరగవు. ఈ తేడా తెలిస్తే ఏది ఇవాళ కొనాలి, ఏది ఆపుకోవాలి, దేనికి బదులు ఏది వండుకోవాలి అన్నది తేలుతుంది. కొనేవారికి అన్నిటికంటే అక్కరకొచ్చే ప్రశ్న ఇదే: ఈ ధర ఎందుకు పెరిగింది?

ఈ ప్రశ్నను వరంగల్ దగ్గరి మడికొండ నుంచి చూడవచ్చు. కాజీపేట దాటి హైదరాబాద్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది మడికొండ. కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరు. ఒకప్పుడు గ్రామం. ఇప్పుడు గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థలో భాగం. చుట్టూ ఇంకా పొలాలున్నాయి. సూరత్ వలస వెళ్లి తిరిగొచ్చిన నేత కార్మికుల కోసం పెట్టిన టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2020 జనవరిలో మొదలైన ఐటీ కంపెనీల కార్యాలయాలు ఉన్నాయి. అంటే పంట మీద బతికే ఇల్లు, మగ్గం కూలి మీద బతికే ఇల్లు, నెల జీతం మీద బతికే ఇల్లు, మూడూ ఒకే ఊరిలో ఉన్నాయి. పెరిగిన ధర ఈ మూడిళ్లకూ ఒకటే. బరువు మాత్రం ఒకటి కాదు.

ఎందుకు కాదంటే, సంపాదన తక్కువైన కొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుంది. 2023-24లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కుటుంబ వ్యయ సర్వే లెక్కల్లో, పల్లెల్లో నెల ఖర్చు వంద రూపాయలైతే దాదాపు 47 రూపాయలు తిండికే పోతున్నాయి. పట్టణాల్లో అది దాదాపు 40. ఇది సగటు మాత్రమే. కూలి ఇంట్లో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. పప్పు కిలోకు ముప్పై రూపాయలు పెరిగితే జీతం ఇంట్లో పొదుపు కొంచెం తగ్గుతుంది. కూలి ఇంట్లో పప్పే తగ్గుతుంది.

మొదట టమాటా సంగతి. 2023 జూలై తెలుగువారికి బాగా గుర్తు. కిలో టమాటా వంద దాటింది, నూట యాభై దాటింది. దేశంలోనే పేరున్న మదనపల్లె మార్కెట్‌లో మేలురకం టమాటా నెలాఖరుకు దాదాపు రెండు వందలు పలికింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో రాయితీ మీద కిలో 50 రూపాయలకు అమ్మించింది. పొడవాటి వరసలు కట్టి జనం నిలబడ్డారు. రెండు నెలలు తిరగకుండానే, సెప్టెంబరులో, కర్నూలు జిల్లా పత్తికొండ మార్కెట్‌లో రైతు చేతికి కిలోకు ఐదు రూపాయలైనా రాని రోజులు వచ్చాయి.

ఇంత తేడా ఎలా వచ్చింది? టమాటా నారు నాటిన రెండు నెలలకు కాపుకొస్తుంది. ఎండాకాలంలో ధర లేక రైతులు కొత్త పంట వేయడం తగ్గిస్తారు. ఉన్న తోటలను ఎండలు, ఆ తర్వాత వానలు దెబ్బతీస్తాయి. జూన్, జూలైలో సరుకు కరువై ధర ఎగురుతుంది. ఆ ధర చూసి అందరూ ఒకేసారి నాటుతారు. రెండు మూడు నెలలకు అందరి పంటా ఒకేసారి మార్కెట్‌కు వస్తుంది. ధర కుప్పకూలుతుంది. దాదాపు ప్రతి ఏటా ఎంతో కొంత ఇదే తంతు.

కొనేవారికి ఇందులో దొరికే పాఠం చిన్నది, కానీ గట్టిది. టమాటా ధర తాత్కాలికం. ఆ రెండు నెలలు టమాటా లేకుండా వంట నడిపితే చాలు. ఓరుగల్లు వంటింటికి ఇది కొత్త కాదు. చింతపండు పిసికి పచ్చిపులుసు చేస్తే టమాటా అక్కర లేదు, పొయ్యి మీద పెట్టే పనీ అంతగా లేదు. వానాకాలంలో పుంటికూర చవక. పుంటికూర పప్పులో పులుపు ఆకుదే. ఎండాకాలంలోనైతే చింతచిగురు ఉండనే ఉంది. ఇక సెప్టెంబరులో టమాటా కారుచవకైనప్పుడు నాలుగు కిలోలు తెచ్చి తొక్కు పెట్టుకుంటే ఇంటికీ మేలు, రైతుకూ మేలు.

రైతుకూ మేలు అన్న మాట ఊరికే అన్నది కాదు. కొనేవారు ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన పండించినవారికి ఎక్కువ రావడం లేదు. 2024లో రిజర్వ్ బ్యాంకు పరిశోధకులు వేసిన లెక్కలో, కొనేవారు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలు. ఉల్లిగడ్డకు 36. ఆలుగడ్డకు 37. మిగతాది రవాణా, కుళ్లిపోయిన సరుకు నష్టం, మధ్యవర్తుల లాభం. ఈ దారి పొడవును తగ్గించడానికే 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. హన్మకొండ రైతు బజార్‌కు మడికొండ నుంచి బస్సెక్కి వెళ్లేవారు ఇప్పటికీ ఎందరో. అక్కడ ధరల బోర్డు ఉంటుంది. కొనే ముందు ఆ బోర్డు చూడటం మంచి అలవాటు.

ఇక కందిపప్పు. కందులు వానాకాలంలో విత్తుతారు. పంట చేతికొచ్చేది డిసెంబరు నుంచి. మధ్యలో మళ్లీ పండదు. టమాటా లాగా రెండు నెలలకు దిగివచ్చే ధర కాదు ఇది. ఒక ఏడాది పంట పోతే, వచ్చే ఏడాది పంట దాకా ఆ ధర మోయక తప్పదు. 2015లో కిలో కందిపప్పు రెండు వందలకు చేరింది. 2023లో, 2024లో మళ్లీ ఆ దరిదాపులకు పోయింది. దేశంలో పండేది చాలక మొజాంబిక్, టాంజానియా, మయన్మార్ నుంచి తెప్పించుకుంటున్నాం. 2023 జూన్‌లో కేంద్రం వ్యాపారుల దగ్గర కందుల నిల్వకు పరిమితి పెట్టింది. ఆ జూలైలో కిలో శనగపప్పు 60 రూపాయలకు భారత్ దాల్ పేరుతో అమ్మించడం మొదలుపెట్టింది. 2025 నాటికి కందిపప్పు ధర దిగింది. అంటే దిగడానికి ఏడాదికి పైగా పట్టింది.

కాబట్టి పప్పు విషయంలో ఆగి చూడటం పనికిరాదు. అంతకాలం పప్పు తినకుండా పిల్లలు పెరగరు. ఇక్కడ చేయవలసింది మార్చి వండటం. కంది ప్రియమైనప్పుడు పెసర, శనగ, మైసూరుపప్పు ధరలు చూడాలి. అన్నీ ఒకేసారి పెరగడం అరుదు. బొబ్బెర్లు, అనుములు, ఉలువలు ఈ నేల మీద పండేవే. ఉలువచారు పెళ్లి భోజనానికే పరిమితం కానక్కర లేదు. పప్పులో పాలకూరో తోటకూరో కలిపితే కొంచెం పప్పు ఎక్కువమందికి వస్తుంది. అది మంచిదే. పప్పులో నీళ్లు కలిపితే మాత్రం ఎక్కువమందికి వచ్చేది నీళ్లే.

మూడోది మంచినూనె. ఇది ఇక్కడి వాన మీదా ఆధారపడదు, ఇక్కడి పంట మీదా అంతగా ఆధారపడదు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. పామాయిల్ ఇండోనేషియా, మలేషియా నుంచి వస్తుంది. పొద్దుతిరుగుడు నూనె ఎక్కువగా ఉక్రెయిన్, రష్యా నుంచి వచ్చేది. 2022 ఫిబ్రవరిలో ఆ రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైంది. ఆ ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని ఆపేసింది. మూడు వారాలకే మళ్లీ వదిలినా, అప్పటికే మడికొండ కిరాణం దుకాణంలో నూనె ప్యాకెట్ ధర మారిపోయింది.

నూనెకు ఇంకో మీట కూడా ఉంది. అది దిగుమతి సుంకం. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడినూనెల మీద సుంకాన్ని ఒక్కసారిగా పెంచింది. పన్నులన్నీ కలిపి ఐదున్నర శాతం ఉన్నది ఇరవై ఏడున్నర శాతమైంది. అది దసరా, దీపావళి ముందు. గారెలు, సకినాలు, పిండివంటల కాలంలో ఆ దెబ్బ తెలిసింది. సోయా, వేరుశనగ రైతుకు ధర రావాలన్నది ఆ పెంపు ఉద్దేశం. ఆ ఉద్దేశం సరైనదే. భారం మాత్రం వంటింటి మీద పడింది. 2025 మే నెలాఖరున సుంకాన్ని కొంత తగ్గించారు.

నూనె ధర మీద ఇంట్లోవారికి అదుపు లేదు. వాడకం మీద ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె, నెయ్యి కలిపి చాలంటారు. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. ఐదారు లీటర్లు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. తగ్గించుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఆరోగ్యమూ మిగులుతుంది. ఈ చీటీలో నిర్భయంగా తగ్గించదగిన సరుకు నూనె. తగ్గించకూడనిది పప్పు. ఈ రెండూ కలిపి గుర్తుపెట్టుకోవాలి: నూనె తగ్గించవచ్చు, పప్పు తగ్గించకూడదు.

బియ్యం సంగతి వేరే. తెలంగాణ వడ్లకు కొదవ లేని రాష్ట్రం. అయినా సన్నబియ్యం కిలో యాభై రూపాయలు దాటింది. 2023 జూలైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపింది. 2024 సెప్టెంబరులో మళ్లీ వదిలింది. బియ్యంలో పాతవాటికి ఎప్పుడూ ధర ఎక్కువ. కొత్తబియ్యం అన్నం ముద్దవుతుంది కనుక తినేవారు పాతబియ్యమే అడుగుతారు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో దీనికి ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. వానాకాలం కోతల తర్వాత తెలిసిన రైతు దగ్గర వడ్లు కొంటారు. మిల్లు పట్టిస్తే క్వింటాల్ వడ్లకు సుమారు 65 కిలోల బియ్యం వస్తాయి. నూకలు, తవుడు కూడా వస్తాయి. బియ్యంలో వేపాకు వేసి దాచి, ఎండాకాలం నుంచి వాడుకుంటారు. చేతిలో ఒక్కసారి పైసలు ఉన్నవారికే ఇది సాధ్యం. నలుగురు కలిసి కొంటే లేనివారికీ సాధ్యమే. మహిళా సంఘంలో ఒకరికొకరు తెలిసిన ఆడవాళ్లకు ఇలా కలిసి కొనడం కష్టం కాదు.

కారం కూడా అంతే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు జనవరి నుంచి ఎండాకాలం దాకా మిర్చి వస్తుంది. ఎర్రటి రంగుకు పేరున్న వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏడాదికి సరిపడా మిర్చి ఆ కాలంలోనే కొని, ఎండబెట్టి, గిర్నీలో పట్టించుకునే అలవాటు ఇంకా పోలేదు. పోకూడదు కూడా. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి రైతులు గోడు వెళ్లబోసుకున్నారు. అలాంటి ఏడాది రైతు దగ్గర ధర పడినంత వేగంగా ప్యాకెట్ కారం ధర దిగదు. ఆ తేడా ఇంటికి మిగలాలంటే ఎండుమిర్చిగానే కొనాలి. చింతపండు, పసుపు కూడా కొత్త పంట వచ్చే ఎండాకాలంలోనే కొనాలి.

ఇవి కాక ఎక్కితే దిగని ధరలున్నాయి. పాల ప్యాకెట్, టీపొడి, సబ్బు, పేస్టు. పాల ధర లీటరుకు రెండు రూపాయలు పెరిగిందన్న వార్త తరచూ వస్తుంది. తగ్గిందన్న వార్త చాలా అరుదు. 2025 సెప్టెంబరు 22న అలాంటి అరుదైన రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు నుంచి సబ్బులు, షాంపూ, పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5కు వచ్చింది. తగ్గిన పన్ను తగ్గిన ధరగా బిల్లులో కనిపించిందా లేదా అన్నది కొన్నవారు చూసుకోవలసిందే.

ఇక్కడ చాలామందిని గందరగోళపెట్టే సంగతి ఒకటి చెప్పాలి. ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో వస్తుంది. దుకాణంలో బిల్లు మాత్రం పాత అంకెకు రాదు. రెండూ నిజమే. 2024 అక్టోబరులో దేశంలో ఆహార ధరలు అంతకు ముందు ఏడాది కంటే దాదాపు 11 శాతం ఎక్కువ ఉన్నాయి. 2025 అక్టోబరులో అంతకు ముందు ఏడాది కంటే 5 శాతం తక్కువ ఉన్నాయి. అంటే 2023లో వంద రూపాయలున్న తిండి సామాను 111 అయింది. తర్వాత 105కు వచ్చింది. దిగింది, నిజమే. కానీ వందకు రాలేదు. ఆ మధ్యకాలంలో కూలి వంద దగ్గరే ఆగిపోయిన ఇంటికి, దిగిన తర్వాత కూడా ఐదు రూపాయల లోటు ఉండనే ఉంది.

ధరల కారణాలు ఇవి. ఇక కొనే చోటు. త్రినేత్ర పేరుతో 1986లో హైదరాబాద్‌లో మొదలైన దుకాణాలు తెలుగువారికి సూపర్ మార్కెట్‌ను అలవాటు చేశాయి. ఇప్పుడు హన్మకొండ, కాజీపేటల్లోనూ పెద్ద దుకాణాలున్నాయి. చక్కెరో, గోధుమపిండో బయటి కంటే తక్కువకు పెట్టి జనాన్ని లోపలికి పిలవడం వాటి పద్ధతి. ఆ తక్కువ ధర నిజమైనదే. అయితే చక్కెర కోసం వెళ్లినవారు చక్కెరతోనే తిరిగి రారు. రోజూ కావలసినవి లోపలి వరసల్లో ఉంటాయి. వాటి దాకా నడిచే దారిలో అక్కరలేనివి కంటికి ఎదురుగా ఉంటాయి. బిల్లు కట్టే చోట పిల్లల చేతికందే ఎత్తున చాక్లెట్లు ఉంటాయి. రెండు కొంటే ఒకటి ఉచితం అన్న కాగితం ఉంటుంది. మూడు అవసరమైనవారికే అది లాభం. ఒక్కటి చాలనుకున్నవారికి అది రెండింతల ఖర్చు.

దీనికి మందు చీటీ. ఇంట్లో డబ్బాలు మూత తీసి చూసి, ఏముంది ఏం లేదు అని రాసుకున్న చీటీ. తిన్న తర్వాత, చీటీతో, వీలైతే చిన్నపిల్లలు లేకుండా వెళ్తే ఖర్చు తగ్గుతుంది. ఇది అందరికీ తెలిసిన మాటే. ఆచరించేవారే తక్కువ.

చీటీ తర్వాత చూడవలసింది ప్యాకెట్ మీది చిన్న అక్షరాలు. ధర పెంచకుండా బరువు తగ్గించడం ఇప్పుడు మామూలైంది. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఏళ్ల తరబడి ఐదు రూపాయలే. లోపల బిస్కెట్లు మాత్రం తగ్గుతూ వస్తాయి. నూనె సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఒక లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. పక్కనే 850 గ్రాములదో, 800 గ్రాములదో ఇంకో ప్యాకెట్ ఉంటుంది. కంటికి రెండూ ఒకటే. ధరలో పది రూపాయలు తక్కువ. చవక అనుకుని తీసుకుంటే, లెక్క వేశాక అదే ప్రియం కావచ్చు. మరోసారి చెప్పాలంటే: లీటరు నూనె అంటే 910 గ్రాములు. అంతకంటే తక్కువ ఉంటే అది లీటరు కాదు.

ఈ లెక్క వేసే శ్రమ తగ్గించడానికే ఒక నిబంధన ఉంది. 2021లో సవరించిన తూనికలు కొలతల నిబంధనల ప్రకారం, ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధరతో పాటు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలి. రెండు ప్యాకెట్లను పోల్చాలంటే ఆ అంకె ఒక్కటి చూస్తే చాలు. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవడం పొరపాటు. పావుకిలో టీపొడి 150 రూపాయలు, కిలో 620 రూపాయలు ఉందనుకుంటే, నాలుగు పావుకిలోలే చవక.

బియ్యం బస్తా మీద కూడా ఒక అంకె చాలామంది గమనించే ఉంటారు. 25 కిలోలు ఉండే బస్తా 26 కిలోలైంది. 2022 జూలై 18 నుంచి, 25 కిలోల వరకు ముందే నింపి పేరు వేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 దాటితే లేదు. అందుకే మిల్లులు ఒక కిలో ఎక్కువ నింపాయి. విడిగా తూచి ఇచ్చే సరుకు మీద కూడా ఈ పన్ను లేదు. కిరాణం దుకాణంలో విడిగా కొన్న పప్పు కొన్నిసార్లు సూపర్ మార్కెట్ ప్యాకెట్ కంటే చవక కావడానికి ఇదీ ఒక కారణం.

అసలు మొత్తం చీటీని ఒకే చోట కొనాలన్న నియమం లేదు. మడికొండ వంటి ఊరిలో చీటీని విడగొట్టడం తేలిక. సబ్బులు, పేస్టు, నూనె వంటివి నెలకోసారి పెద్ద దుకాణంలో కొనవచ్చు. పప్పులు విడిగా కిరాణంలో కొనవచ్చు. కూరగాయలకు అంగడి, రైతు బజార్ ఉన్నాయి. ఒకప్పుడు రానుపోను బస్సు కిరాయే మిగిలిన లాభాన్ని తినేసేది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. మడికొండ నుంచి హన్మకొండ రైతు బజార్‌కు పోయి వచ్చే ఆడవాళ్ల సంచిలో ఆ పథకం ఎంత మిగిల్చిందో వాళ్లకే బాగా తెలుసు.

కిరాణం దుకాణానికి ఇంకో బలం ఉంది. అది ఉద్దెర. పైసలు లేని వారంలో సూపర్ మార్కెట్ ఉప్పు ప్యాకెట్ కూడా ఇవ్వదు. గల్లీలో దుకాణదారు ఖాతాలో రాసుకుని ఇస్తాడు. ఆ నమ్మకానికి వెల కట్టలేం. అయితే ఉద్దెర ఇంటికి ఒక చిక్కు ఉంది. అప్పున్నప్పుడు ధర అడగడానికి నోరు రాదు. ఖాతా పుస్తకం ఇంట్లో కూడా ఒకటి పెట్టుకుని, తెచ్చిన రోజే రాసుకుంటే నెలాఖరున మాట పట్టింపులు ఉండవు.

ఇంత చేసినా చాలని ఇళ్లుంటాయి. ఆ ఇళ్లలో మొదట పండ్లు పోతాయి. తర్వాత పాలు, గుడ్లు. తర్వాత పప్పు పలచనవుతుంది. చివరికి అన్నం, తొక్కు మిగులుతాయి. ఆ తగ్గింపు కూడా అందరికీ సమానంగా ఉండదు. పిల్లలకు, మగవాళ్లకు పెట్టాక మిగిలింది ఆడవాళ్లు తింటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చూసినప్పుడు తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. దీన్ని పొదుపు అనకూడదు. ఇది ఇంటిల్లిపాది భారాన్ని ఒక మనిషి ఒంటి మీద వేయడం. తగ్గించవలసి వస్తే చల్లని సీసా పానీయాలు, చిప్స్, ప్యాకెట్ మిఠాయిలు తగ్గించాలి. ఇంట్లో గర్భిణి, బాలింత ఉంటే అంగన్‌వాడీకి తప్పక వెళ్లాలి. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పథకంలో అక్కడ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. అది దానం కాదు, హక్కు.

ప్రభుత్వం చేయి కూడా ఈ చీటీలో ఎప్పటి నుంచో ఉంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. 2013 ఉగాదికి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం అమ్మహస్తం తెచ్చింది. కందిపప్పు, పామాయిల్, చింతపండు, కారం, పసుపుతో కలిపి తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చారు. అది నిలవలేదు. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో కంట్రోల్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. దాదాపు ఒక బస్తా కొనే పని తప్పింది. వెనక దొడ్డుబియ్యం వచ్చినప్పుడు తినలేక అగ్గువకు అమ్ముకుని, మళ్లీ సన్నబియ్యం కొనేవారు. ఆ నష్టం కూడా పోయింది.

ఇది పెద్ద సాయం. అయితే ఎక్కువ రేషన్ కార్డులకు అందుతున్నది బియ్యమే. అన్నం కడుపు నింపుతుంది. ఒంటికి బలం పప్పుతో వస్తుంది. కందిపప్పు ధర ఎగిరిన ఏడాదిలోనైనా కంట్రోల్ దుకాణంలో మనిషికి ఇంత పప్పు చేరితే, పైన చెప్పిన పలచని పప్పు కథ చాలా ఇళ్లలో ఉండదు. అమ్మహస్తం సంచిలో ఒకసారి ఇచ్చిన సరుకే అది. మళ్లీ ఇవ్వడం అసాధ్యం కాదు.

చివరగా, కొనేవారి చేతిలో ఉన్న చట్టం. గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా నేరం. అంతకంటే తక్కువకు అడిగే హక్కు మాత్రం కొనేవారికి ఉంది. బిల్లు తీసుకోవాలి. దుకాణం గడప దాటకముందే ఒకసారి చదవాలి. అరలో రాసిన ధర, బిల్లులో పడిన ధర ఒకటేనా చూడాలి. తూకంలో తేడా ఉంటే తూనికలు కొలతల శాఖకు చెప్పవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలు మీద ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. అంత దూరం పోలేనివారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు 1915. కాగితం, కలం దగ్గరున్నవారు రాసుకోండి. ఆ నంబరు మరోసారి: 1915.